ఆర్‌ఎన్‌ఏ-1 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆర్‌ఎన్‌ఏ-1 గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా కుశలం ఏపాటిదో, డీఎన్‌ఏను గీతలుగా విడదీసి చూపే జెల్‌ను చూస్తే తమకే తెలుస్తుంది. రాత్రంతా పెంచిన బ్యాక్టీరియాను ఈ మధ్యాహ్నమంతా పగలగొట్టి, వడగట్టి, కడిగి తీసిన ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ వలయం), యూవీ వెలుగులో ఉందా లేదా అనిపించే ఒక సన్నని గీతగా తేలింది. ఆ ప్లాస్మిడ్ పీబీఆర్322 వంశానిది. అంటే కణానికి 15-20 ప్రతులు చాలునని తమరు శాసించిన వంశానిది.

తమరు ప్లాస్మిడ్ ప్రతులకు కళ్లెం వేసే ఒక చిట్టి ఆర్‌ఎన్‌ఏ, నిడివి సుమారు 108 న్యూక్లియోటైడ్లు (అంటే అక్షరాలు). తమరి నుంచి ఒక్క ప్రోటీనూ తయారు కాదు. ఉన్న ఆస్తల్లా మూడు లూపులుగా మడుచుకున్న ఒంటి తీరు. ఆ కాస్త ఆస్తితో ఇంత అధికారం చలాయించడం తమరికే చెల్లింది.

ప్లాస్మిడ్ ప్రతికృతి (కొత్త ప్రతి తయారీ) మొదలవ్వాలంటే, దానికి నాంది పలికే మరో ఆర్‌ఎన్‌ఏ అయిన ఆర్‌ఎన్‌ఏ-2 సుమారు 555 న్యూక్లియోటైడ్ల దూరం సాగి, సరిగ్గా మడుచుకుని, మూలస్థానం (ప్రతికృతి మొదలయ్యే చోటు) దగ్గర డీఎన్‌ఏను అంటిపెట్టుకోవాలి. అప్పుడు ఆర్‌ఎన్‌ఏజ్-హెచ్ అనే ఎంజైమ్ దానిని కత్తిరిస్తే, ఆ కొస నుంచి పాలిమరేజ్ ఎంజైమ్ కొత్త డీఎన్‌ఏ పోగు అల్లుతుంది. పూర్తిగా మడుచుకున్న ఆర్‌ఎన్‌ఏ-2ను తమరేమీ చేయలేరు. అందుకే అది ఇంకా పుడుతూ ఉండగానే వచ్చి, లూపుకు లూపు తగిలించి, ఆ తర్వాత నిలువెల్లా పెనవేసుకుంటారు. నిలబెట్టి ఆపినా గౌరవంగా ఉండేది! ఆర్‌ఎన్‌ఏ-2 పోగు సాగుతూనే ఉంటుంది, మడత మాత్రం తప్పుతుంది. ఎక్కడో మొదట్లో పడిన ఆ తప్పు మడత వల్ల వందల అక్షరాల అవతల మూలస్థానం దగ్గర పట్టు దొరకదు, అంత పొడవూ వృథా అవుతుంది. పైగా తమరు పుట్టింది పరాయిచోట కాదు, అదే డీఎన్‌ఏ ముక్కలో ఎదురు పోగు మీద. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మరి.

తమరి పట్టు సడలకుండా కాపలా కాసే రాప్ ప్రోటీన్ గురించి రాసే ఓపిక లేదు. తమరిని కత్తిరించవలసిన ఆర్‌ఎన్‌ఏజ్-ఇ ఎంజైమ్ ఈ రోజు సెలవు పెట్టింది కాబోలు.

ఇక మర్యాద చాలు. ఎవరు అడిగారు నిన్ను ఈ పెత్తనం? 1981లోనే శాస్త్రవేత్త తోమిజావా బృందం నీ గుట్టు రట్టు చేసింది. పీబీఆర్322 నుంచే మలిచిన పీయూసీ ప్లాస్మిడ్లలో రాప్‌ను తొలగించి, ఆర్‌ఎన్‌ఏ-2లో ఒక్కటంటే ఒక్క అక్షరం మార్చేసరికి 37 డిగ్రీల దగ్గర నీ పట్టు జారిపోయి ప్రతులు వందలకు చేరాయి. 30 డిగ్రీలకు చల్లబరిస్తే చాలు, సిగ్గులేకుండా మళ్లీ వచ్చి కూర్చుంటావు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. ప్రతులు పెరిగితే నీవూ పెరుగుతావు, తగ్గితే తగ్గుతావు. పుట్టిన కొద్ది నిమిషాలకే నశిస్తావు కనుక పాత లెక్క ఏదీ మిగలదు. నీవే లేకపోతే ప్లాస్మిడ్ విచ్చలవిడిగా పెరిగి, మోయలేని కణం ఎదుగుదల మానేసేది, అప్పుడు నాకు ఈ గీత కూడా దక్కేది కాదు. అయినా రేపు నా జన్యువును పీయూసీలోకి మారుస్తున్నాను. అక్కడా నీవు ఉంటావని తెలుసు; కాస్త దూరంగా ఉండు.

ఇట్లు,
విధేయత నటించలేని ఒక ప్లాస్మిడ్ పోషకుడు