సవరణ: కాంపొనెంట్ కేబుల్‌లో వెళ్లేది ఆర్‌జీబీ కాదు

డీవీడీ ప్లేయర్ల అనలాగ్ కనెక్షన్లను పోలుస్తూ రాసిన పోస్టులో, కాంపొనెంట్ కేబుల్‌లోని ఆకుపచ్చ, నీలం, ఎరుపు ప్లగ్గులు ఆయా రంగుల సంకేతాలనే (ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా) మోస్తాయని, ఎస్-వీడియో అనే మరో రకం కేబుల్ కంటే అది మెరుగు కావడానికి అదే కారణమని పేర్కొన్నాను. ఆ వివరణ తప్పు.

వీడియో ప్రమాణ పత్రాలు, ప్లేయర్ల సర్వీస్ మాన్యువళ్ల ప్రకారం ఆకుపచ్చ ప్లగ్గులో వెళ్లేది వెలుగు సమాచారం, అంటే సింక్‌తో (బొమ్మలోని గీతలు ఎక్కడ మొదలవాలో టీవీకి చెప్పే సంకేతంతో) సహా నలుపు తెలుపు బొమ్మ మొత్తం. మిగిలిన రెండింటిలో నీలానికీ వెలుగుకూ, ఎరుపుకూ వెలుగుకూ మధ్య ఉన్న తేడాలు వెళ్తాయి, ఆకుపచ్చ రంగును ఈ మూడింటి నుంచి టీవీయే లెక్కకట్టుకుంటుంది. ఆకుపచ్చ ప్లగ్గు ఒక్కటే ఉంచి చూస్తే నలుపు తెలుపు బొమ్మ నిక్షేపంగా వస్తుంది.

కాంపొనెంటే మెరుగన్న మాట మాత్రం నిలుస్తుంది. ఎస్-వీడియో వెలుగును విడిగా పంపినా, రెండు రంగు తేడాలనూ పాల్ అనే రంగుల టీవీ పద్ధతిలో ఒకే 4.43 మెగాహెర్ట్జ్ ఉపవాహక తరంగం (రంగు సమాచారాన్ని మోసే సహాయక తరంగం) మీద ఎక్కిస్తుంది కనుక రంగుల అంచులు కాస్త అలుక్కుపోతాయి. కాంపోజిట్ అనే ఒంటి తీగ కనెక్షన్‌లో వెలుగు కూడా అదే తీగలో కలవడంతో సన్న చారల చొక్కాల మీద లేని రంగులు మెరుస్తాయి. అసలైన ఆర్‌జీబీని మోసేవి కంప్యూటర్ల వీజీఏ, ఐరోపా టీవీల స్కార్ట్ సాకెట్లు.