మట్టం తగ్గితే ఎవరేం చేయాలి?

2010 చివర్లో సోమాలియాలో వానలు ముఖం చాటేశాయి. పసిఫిక్ సముద్ర జలాలు మామూలు కంటే చల్లబడే లా నినా ప్రభావంతో అలా జరగవచ్చని నిపుణులు ముందే చెప్పారు. మరుసటి ఏడాది తర్వాతి వానకాలమూ దెబ్బతీసింది. 2011 జులై 20న ఐక్యరాజ్యసమితి క్షామాన్ని ప్రకటించేసరికే జనం రాలిపోతున్నారు. మొత్తం సుమారు 2.58 లక్షల మంది చనిపోయారని అనంతర అధ్యయనం అంచనా వేసింది. వారిలో సగం మంది అయిదేళ్లలోపు పసివాళ్లు. అంతర్యుద్ధం, సాయానికి ఎదురైన అడ్డంకులు ఆ విషాదాన్ని పెంచిన మాట నిజమే. కానీ సమాచారం అందక జరిగిన ఘోరం కాదది. సూచన అందిన నాడే నిధులు విడుదల చేసి తీరాలన్న నిబంధన ఎవరి మీదా లేకపోయింది.

కరవును పసిగట్టే సాధనాలకు నేడు కొదవ లేదు. వర్షపాతం సగటు నుంచి ఎంత పక్కకు తప్పుకొందో నెలకు, మూడు నెలలకు, ఏడాదికి లెక్కగట్టే ప్రామాణిక వర్షపాత సూచికను అన్ని దేశాల వాతావరణ శాఖలూ వాడాలని 2009లో అంతర్జాతీయ నిపుణులు సిఫార్సు చేశారు. 2002లో పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి గురుత్వంలో వచ్చే స్వల్ప మార్పులను బట్టి భూగర్భజలాల తరుగుదలనూ పట్టి చూపాయి. ఇంతటి సమాచారం జనానికి, అధికారులకు చేరే తీరులోనే లోపముంది.

జలాశయం 40 శాతం నిండిందన్న వార్తనే తీసుకోండి. ఆ నీటిలో తూములకు అందనిదెంత? కట్టిన నాటి సామర్థ్యంతో పోల్చారా, పూడికను తీసేసి లెక్కించారా? నిరుడు ఇదే తేదీకి ఎంత ఉంది? వచ్చే వానల దాకా తాగునీటికి ఎంత కావాలి? ఈ నాలుగూ చెప్పని శాతం ధీమానైనా ఇస్తుంది, భయాన్నైనా పెంచుతుంది, నిర్ణయానికి మాత్రం పనికిరాదు. ఒక మంచి వాన పడగానే కరవు తీరిందనడమూ ఇలాంటిదే. పైమట్టి వారంలో తడుస్తుంది. జలాశయం కోలుకోవడానికి ఒక్కోసారి రెండు మూడు వానకాలాలు పడుతుంది. భూగర్భజలాలకు ఇంకా ఎక్కువ.

రుతువారీ అంచనాల్లో వాడేది సంభావ్యత భాష. సాధారణం కంటే తక్కువ వర్షానికి 45 శాతం అవకాశముందంటే, అలా కాకపోయే అవకాశం 55 శాతం. దీన్ని జోస్యంలా చదివితే, ఒక ఏడాది తప్పగానే నమ్మకం పోతుంది. తక్కువ వర్షం పడే అవకాశం మామూలుగా మూడింట ఒక వంతయితే ఈసారి దాదాపు సగానికి చేరిందన్నది ఆ అంచనా చెప్పే విషయం. పంట మార్చుకోవడానికి, పశుగ్రాసం సమకూర్చుకోవడానికి ఆ మాత్రం తేడా చాలు.

కొలతకు చర్యను ముడిపెట్టిన ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలో కొలరాడో నదిపై ఉన్న లేక్ మీడ్ జలాశయం మట్టం సముద్రమట్టం నుంచి 1,075 అడుగుల కంటే దిగువకు పడుతుందని అంచనా వస్తే ఏ రాష్ట్రం ఎంత కోత భరించాలో 2007లోనే రాసుకున్నారు. 2021 ఆగస్టులో తొలిసారి కొరత ప్రకటించినప్పుడు, ఎవరి వంతు ఎంతన్న ప్రశ్నకు జవాబు అప్పటికే కాగితంపై ఉంది. ఆ కోతలూ సరిపోలేదు, మరుసటి వేసవిలో మట్టం సుమారు 1,040 అడుగులకు జారింది. కాబట్టి గీత ఇంకా పైనే గీయాలి, కోతలు ఇంకా ముందే మొదలవ్వాలి. కరవు బారిన పడ్డ దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్‌లో 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి విధించి, ఆనకట్టల మట్టాలను ఎప్పటికప్పుడు జనం ముందు పెట్టారు. కుళాయిలు కట్టేసే గడియ తప్పడంలో జనం పొదుపుదీ పెద్ద పాత్రే.

ప్రతి నదీ పరీవాహక ప్రాంతానికీ ఇలాంటి ఒప్పందం ఉండాలన్నది మా వాదన. ఏ మట్టం వద్ద పరిశ్రమలకు ఎంత కోసేది, ఏ మట్టం వద్ద సాగునీటి వంతులు మార్చేది, ఏ అంచనా వెలువడితే నిధులు కదిలేది అందులో అంకెలతో సహా ఉండాలి. జలాశయాలు నిండుగా ఉన్నప్పుడే దీన్ని రాయాలి. నీళ్లు అడుగంటాక మొదలెట్టే చర్చల్లో ఎగువ వాడికి దిగువ వాడి మాట వినపడదు, బలమున్న వాడి పొలానికే కాలువ పారుతుంది.