సర్వర్ స్లో అంటే సరిపోదా సామీ?

కర్నూలులో ఈ మధ్య ఒక అనర్థం జరిగింది. ఉల్లిగడ్డల వ్యాపారం చేసే ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి) కొత్తగా చేరిన కుర్రాడు, రైతు చీటీ తెరమీదికి రావడానికి నిమిషం ఎందుకు పడుతోందని ఆరా తీశాడు. "సర్వర్ స్లో" అని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాక మళ్లీ విచారణేమిటి? ఆ నిమిషం మీదే కదా బయట టీ బంకు బతుకుతోంది!

యాజమాన్యం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పెద్ద సర్వర్ కొన్నది. కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. ర్యామ్ పెరిగింది గనుక, ఇదివరకు డిస్కులోంచి చదివే టేబుల్‌ను (రైతుల వివరాలు వరుసలుగా ఉండే పట్టికను) ఇప్పుడు మెమరీలోంచి చదువుతోంది. మొత్తం చదవడం మాత్రం మానలేదు. సంప్రదాయం నిలిచింది.

కుర్రాడు క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు ముందు 'ఎక్స్‌ప్లెయిన్' (ఎలా వెతుకుతావో చెప్పు) అని తగిలించి చూశాడట. టైప్ గడిలో 'ఆల్' అని వచ్చింది. అంటే ఒక్క రైతు కోసం డేటాబేస్ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా తిరుగుతోందన్నమాట. తప్పేముంది? అందరినీ పలకరించి వస్తోంది. పుస్తకం వెనక సూచికలాంటి ఇండెక్స్ పెడితే నేరుగా ఆ ఒక్కడి దగ్గరికే పోతుంది, తక్కినవాళ్లు ఏమనుకోవాలి?

పైగా గుమాస్తా వెతికే తీరు చూడండి. పేరు గడిలో 'రెడ్డి' అని కొడతాడు. ముందొకటి, వెనకొకటి శాతం గుర్తులు సాఫ్ట్‌వేరే తగిలిస్తుంది, అంటే ముందూ వెనకా ఏమున్నా సరేనని. పేరు దేంతో మొదలవుతుందో చెప్పకపోతే మామూలు ఇండెక్స్‌కు దారి దొరకదు. పోనీ దొరికిందే అనుకుందాం. కర్నూలు జిల్లాలో 'రెడ్డి' అని కేకేస్తే ఎంతమంది తిరిగి చూస్తారు? టేబుల్‌లో సగం లేచి నిలబడుతుంది. అప్పుడు ఇండెక్స్ ఉన్నా, మొత్తం చదవడమే చవకని డేటాబేసే దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఫోన్ నంబరుతో వెతకండి, దానికి ఇండెక్స్ పెట్టండి అంటాడు కుర్రాడు. ఊరూ పేరూ అడక్కుండా నంబరడిగే రోజులొచ్చాయి!

ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేరు మైఎస్‌క్యూఎల్‌ను తయారు చేసినవాళ్లు లోకం తెలిసినవాళ్లు. నిదానంగా నడిచే క్వెరీలను రాసిపెట్టే చిట్టాను, అదే స్లో క్వెరీ లాగ్‌ను, ఆపేసే ఇస్తారు. తెరిచినా, మనం మార్చనంతవరకు 10 సెకన్లు దాటితేనే నేరం. ఆ లెక్కన మా బాకీల జాబితా నిర్దోషి. అందులో 300 మంది రైతులున్నారనుకోండి. పేర్లకు ఒక క్వెరీ, ఒక్కొక్కరి బాకీకి మళ్లీ ఒక్కోటి, మొత్తం 301. ఏదీ లాగ్ కంట పడదు. ట్రాక్టరులోని ఉల్లిగడ్డలను ఒక్కో గడ్డే మోసుకొచ్చి కాటా వేసినట్టుందని, రెండు టేబుళ్లను కలిపే జాయిన్ రాసి ఒకేసారి తెమ్మని ఆ అబ్బాయి గోల. ఒకటే క్వెరీ అయితే మిగతా 300 ఏం తిని బతకాలో చెప్పడు.

యాజమాన్యం మొండిది కాదు. ఇండెక్స్ మంచిదని ఒప్పుకోగానే ప్రతి కాలమ్‌కూ ఒకటి పెట్టించింది. ఇప్పుడు నంబరు కొడితే పాత చీటీ ఠక్కున వస్తోంది, కొత్త చీటీ ఎక్కించడం ఆలస్యమవుతోంది. ఎక్కించిన ప్రతిసారీ ఇండెక్స్‌లన్నిటినీ సవరించుకోవాలి మరి. టీ బంకు నిలదొక్కుకుంది.

కుర్రాణ్ణి ప్రింటరు దగ్గరికి మార్చారు. "ప్రింటరు స్లో" అని చెప్పమని నేర్పారు కూడా. వింటేగా! మూత తీసి కాగితం ఎక్కడ ఇరుక్కుందో చూస్తున్నాడు.