సోకు గట్టుకు, మురుగు చెరువుకు

హైదరాబాద్‌లో చెరువు సుందరీకరణ అనగానే చుట్టూ రాతి కట్టడం, దాని మీద నడక దారి, స్టీలు రెయిలింగు, రంగు దీపాలు వచ్చేస్తాయి. నాలా వచ్చి కలిసే మూల మాత్రం ఎప్పటిలా నల్లగా నురగలు కక్కుతూనే ఉంటుంది. ఫొటోలో పడే చోట డబ్బు పోస్తున్నాం. చెరువు బాగుపడాల్సింది ఆ మూలన.

మూసీ పరివాహకంలోని చెరువులు గొలుసుకట్టువి. పైచెరువు అలుగు దూకితే దిగువ చెరువు నిండేది. ఆ వరద కాలువలే నేడు మురుగు నాలాలు. హుస్సేన్‌సాగర్‌కు కూకట్‌పల్లి నాలా తెచ్చిన ఇళ్ల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు తెలిసిందే. రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో అంబర్‌పేటలో శుద్ధి కేంద్రం కట్టినా, మురుగు దాకా పైపు చేరకపోతే ఫలితం సున్నా.

నాలా మీద చిన్న అడ్డుగోడ కట్టి, వాన లేని రోజుల మురుగును శుద్ధి కేంద్రానికి వెళ్లే పైపులోకి మళ్లించి, వాన నీరు గోడ దాటి చెరువులోకి దూకేలా చేయడం వాడుకలో ఉన్న పద్ధతే. చిక్కంతా ఆ గోడ ఎత్తులో ఉంది. ఎక్కువైతే వాన నీరూ పైపు పాలై చెరువు ఎండుతుంది. తక్కువైతే రోజువారీ మురుగే దూకుతుంది. ఎత్తు సరిగ్గా ఉన్నా పైపు నోట్లో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు ఇరుక్కుంటే అదే గతి. కాబట్టి ముందు ఇనుప జల్లెడ, దాని వెనుక ఇసుక, మట్టి ఆగే గుంట, వాటిని శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం కావాలి. టెండర్లలో తరచూ మాయమయ్యేది ఈ చివరిదే.

శుద్ధి చేసిన నీటిలోనూ భాస్వరం, నత్రజని మిగులుతాయి. గుర్రపుడెక్కకు అదే విందు. అనువైన వేడిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అందుకే ఆ నీటిని జమ్ము, తుంగ పెంచిన లోతు తక్కువ మడుగు గుండా నడపాలి. రోజుకు 10 లక్షల లీటర్లను 40 సెంటీమీటర్ల లోతున రెండు రోజులు నిలపాలంటే 5,000 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరంపావు కావాలి. మొక్కలు ఆక్రమించే చోటు అదనం. జమ్మును ఏటా కోసి దూరంగా తరలించాలి. కోసి గట్టున పడేస్తే కుళ్లి, పీల్చినదంతా తిరిగి చెరువుకే ఇస్తుంది.

రాయి కట్టకు అవసరం, అలలు కోస్తాయి గనుక. శిఖం వైపు, అంటే నీరు పరుచుకుని వెనక్కి తగ్గే నేల వైపు, దాని అవసరం లేదు. అక్కడ 1:10 వాలు వదిలితే, నీరు అర మీటరు తగ్గినప్పుడు 5 మీటర్ల తడి నేల బయటపడుతుంది. ఉల్లంకి పిట్ట ముక్కుతో బురదలో పురుగులు ఏరుకునేది ఆ అంచునే. నిలువు గోడ కడితే నీరు ఎంత తగ్గినా దానికి కాలు మోపే చోటు దొరకదు. మెరుపు దీపాలు రాత్రి విశ్రాంతినీ దూరం చేస్తాయి.

పూడికతీతలోనూ తొందర వద్దు. అడుగున ఉన్న బంక మట్టి పొరను ఎక్స్‌కవేటర్ చీల్చితే నీరు నిలవదు. పరిశ్రమల నాలా కింది పూడికను లోహాల పరీక్ష లేకుండా పొలాలకు తోలకూడదు.

10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ నేల, వదలాలని నిబంధన. ఆ బఫర్‌లో కాంక్రీటు దారి ఎవరు వేసినా కాంక్రీటు కాంక్రీటే.

ఇక నీటి నాణ్యతను మధ్యాహ్నం కొలిచి మురిసిపోవడం మానాలి. పగటిపూట నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చేస్తుంది. తొలకరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది తెల్లవారుజామునే. చేపలు బతికే నీటికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. గుత్తేదారుకు చివరి బిల్లు ఇచ్చే ముందు అధికారులు ఉదయం అయిదింటికి నాలా మూలకు పడవ వేసుకెళ్లి ఆ లెక్క తీసుకోవాలి.