యూరియా బస్తా గారికి, చెప్పుల లైన్లోంచి

మహారాజశ్రీ యూరియా బస్తా గారికి,

నాలుగెకరాల వరి రైతు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు గోదాములో క్షేమంగా ఉన్నారని తలుస్తాను, దర్శనం మాత్రం దొరకడం లేదు.

2025 వానాకాలంలో మా తెలంగాణలో తమ కోసం మనుషులే కాదు, చెప్పులు, ఆధార్ జిరాక్సులు కూడా లైన్లో నిలబడ్డాయి. నా చెప్పులు గుడి ముందు కూడా అంతసేపు ఎన్నడూ కాపలా కాయలేదు. 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు. ఇంత చవగ్గా దొరికి ఇంత మర్యాద పొందినవారు మా ఊళ్లో ఇంకెవరూ లేరు.

తమరు మడిలో దిగితే చాలు, పైరు పచ్చబడుతుందనుకునేవాణ్ని. తీరా చూస్తే, మట్టిలో కంటికి కనబడని బ్యాక్టీరియా తమరిని విరగ్గొట్టి అమ్మోనియాగా మార్చాకే వరికి ఒంటబడుతుందట. పెళ్లికొడుకు తమరే గానీ, వంటంతా వాళ్లది. ఆ వంటవాళ్లకు ఇన్నేళ్లలో నేనేం పెట్టాను? ఉన్న గడ్డిని కూడా కోత మిషన్ వెళ్లగానే కాల్చేశాను.

నీళ్లమీద తెట్టులా కట్టే నీలి ఆకుపచ్చ నాచు సంగతీ అంతే. అది గాలిలోని నత్రజనిని పట్టి వరి మడికి ఇస్తుందని పి.కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే రాసిపెట్టారు. కూలి అడగదు, సబ్సిడీ అడగదు. కాకపోతే నీళ్లలో తమ అమ్మోనియా పుష్కలంగా ఉంటే ఆ పని మానేస్తుంది. మానదా మరి? నెలనెలా డబ్బులు పంపినన్నాళ్లూ మా పెద్దోడికీ ఉద్యోగం దొరకలేదు.

అబద్ధమెందుకు, తమరిని విషమని తిట్టను. పైరు ఏపుగా పెరిగితే వేళ్లు, మొదళ్లు ఎక్కువ మిగులుతాయి, వాటిని తిని మట్టిలోని జీవాలూ పెరుగుతాయి. తగినంత వేస్తేనే అనుకోండి. పక్కచేను నా చేనుకంటే పిసరంత పచ్చగా కనబడితే నాకు టెన్షన్. ఇంకో అరబస్తా చల్లాల్సిందే. అందులో పైరుకు దక్కేది మూడోవంతు, కాస్త అటూఇటూ. మిగతాది గాలికీ నీళ్లకీ. ఆ పచ్చదనం చూసి వరి రసం పీల్చే సుడిదోమ బంధుమిత్ర సపరివారంగా దిగుతుంది.

అప్పుడు తమ తమ్ముడు, పురుగుమందు గారు వస్తారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మళ్లలో డయాజినాన్ అనే పురుగుమందు మళ్లీమళ్లీ వేస్తే, 1970ల్లో దాన్నే విరగ్గొట్టే బ్యాక్టీరియా ఆ నీళ్లలో బయటపడింది. దోమకు వడ్డించింది మధ్యలోవాళ్లు తినేశారన్నమాట. మందు పనిచేయలేదని నేను దుకాణంలో రెండుసార్లు గొడవపడ్డాను. తిన్నదెవరో ఆరోజు అడగాల్సింది.

తమ దుస్తుల గురించి కూడా ఒక మాట. 2015లో తమకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అందం కోసమనుకున్నాను. అమ్మోనియాను నైట్రేటుగా మార్చి చేజారనిచ్చే బ్యాక్టీరియాను నెమ్మదింపజేయడానికట. అంతటి తమరు కూడా వాళ్లకు జంకి నూనె రాసుకునే బయల్దేరుతున్నారు.

ఈసారి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నాను. ఒక బస్తా తక్కువైనా సరిపోతుందేమో చూడాలి. కోపం తెచ్చుకోకండి, మిగతా బస్తాల కోసం రేపూ లైన్లోనే ఉంటాను.

ఇట్లు,
టోకెన్ అందని భక్తుడు

తా.క.: లైన్లో పెట్టిన నా కుడిచెప్పు కనబడటం లేదు. తమ కింద ఉంటే కాస్త జరగగలరు.