గుర్తు మార్చే ముందు పేరు ఎవరిదో తేలాలి

ఓపెన్‌సోర్స్ (సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్‌ను రూపొందించే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన ఈక గుర్తును 2025లో పక్కనపెట్టి, ఓక్ ఆకును కొత్త లోగోగా స్వీకరించింది. అపాచీ ప్రజల పేరును, మూలవాసుల సంస్కృతికి చెందిన ఈకను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తనకు తానుగా తగిలించుకోవడం తగదని అమెరికా మూలవాసి సాంకేతిక నిపుణుల బృందం 2023 జనవరిలో బహిరంగంగా అభ్యంతరం తెలిపింది. అప్పుడు మొదలైన చర్చకు దక్కిన ఫలితమే ఈ ఆకు. మనస్ఫూర్తిగా స్వాగతించవలసిన మార్పు ఇది. ఈ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్‌ను రుషికొండ ఐటీ కంపెనీల్లో, మధురవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో నిత్యం వాడేవారు విశాఖలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరు సొంతంగా ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు మొదలుపెట్టి, పేరు పెట్టి, లోగో గీయించుకునే దశకు చేరుకున్నారు. కాబట్టి ఈ అంశాన్ని దూరదేశపు వార్తగా చూసి వదిలేయలేము.

లోగో బాగుందా లేదా అన్నదానిపైనే చర్చంతా సాగుతుంది. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ పేరు మీద, ఆ గుర్తు మీద హక్కు ఎవరి చేతిలో ఉందన్నది. ఓపెన్‌సోర్స్ లైసెన్సు సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, పంచడానికి అనుమతిస్తుంది. పేరుకూ లోగోకూ ఆ అనుమతి దానంతటదే వర్తించదు. అపాచీ లైసెన్సు రెండో వెర్షన్‌లోని ఆరో నిబంధన ట్రేడ్‌మార్కులపై హక్కు ఇవ్వడం లేదని విడిగా చెబుతుంది. కోడ్ అందరిదైనంత మాత్రాన పేరు కూడా అందరిదవుతుందన్న భ్రమలో ఉన్న ప్రాజెక్టులే తరచూ దెబ్బతిన్నాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ లోగో బొమ్మకు స్వేచ్ఛా లైసెన్సు లేదని, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ దానిని వాడలేదు. లోగో లేకుండా పేరు మాత్రమే వాడడానికి ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా 2006లో ఒప్పుకోలేదు. దాంతో అదే బ్రౌజర్ డెబియన్‌లో ఐస్‌వీజెల్ అనే మారుపేరుతో పదేళ్లపాటు బతికి, 2016లో గాని అసలు పేరుకు తిరిగి రాలేదు.

ఓపెన్ఆఫీస్ అనుభవం మరింత విలువైన పాఠం. దాని యజమాని సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ 2010 జనవరిలో కొనుగోలు చేయడంతో ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఒరాకిల్ ఆస్తి అయింది. ఏళ్లుగా దానిని నిర్మించిన స్వచ్ఛంద కార్యకర్తల్లో చాలామంది అదే ఏడాది సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించి బయటికి వచ్చారు. కోడ్‌ను వెంట తెచ్చుకోగలిగారు గాని పేరును తెచ్చుకోలేకపోయారు. లిబ్రేఆఫీస్ అనే కొత్త పేరుతో మొదటి నుంచి గుర్తింపు సంపాదించుకోవలసి వచ్చింది. పాత పేరును ఒరాకిల్ 2011లో అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది. అక్కడ 2014లో వచ్చిన 4.1 వెర్షన్ తరువాత ఆ వరుసలోనే చిన్న చిన్న సవరణలు తప్ప పెద్ద విడుదల రాలేదు. అయినా జనం నోట నిలిచినది పాత పేరే. కొత్త సదుపాయాలు, లోపాల సవరణలు లిబ్రేఆఫీస్‌లో జరుగుతుంటే, వాటి సంగతి తెలియని గుమాస్తా, ఉపాధ్యాయుడు, విద్యార్థి అలవాటైన పేరును వెతికి వేరొకచోటికి చేరుతున్నారు. ఈ పరిస్థితి చూడలేకనే డాక్యుమెంట్ ఫౌండేషన్ 2020 అక్టోబరులో అపాచీ బృందానికి బహిరంగ లేఖ రాసి, లిబ్రేఆఫీస్ ఉన్నదని మీ వాడుకరులకు తెలియజేయండని అభ్యర్థించవలసి వచ్చింది. ఎంత కష్టపడి రాసిన కోడ్ అయినా, పేరు చేజారితే దాని ఫలం వాడుకరికి చేరడానికి ఏళ్లు పడుతుందని ఇది రుజువు చేసింది. మెనూలు, ఆదేశాలు తెలుగులో కనిపించేలా లభించే ఆఫీసు సాఫ్ట్‌వేర్ కనుక లిబ్రేఆఫీస్ పేరు వినని తెలుగు వాడుకరికి జరిగే నష్టం ఇంకా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ తయారీలోని పనులను స్వయంచాలకంగా నడిపే జెన్కిన్స్ సాఫ్ట్‌వేర్ సముదాయం ఇంతకంటే వేగంగా, నిర్ణయాత్మకంగా వ్యవహరించింది. హడ్సన్ అనే తమ పాత పేరుపై ఒరాకిల్ హక్కు ప్రకటించగానే 2011 జనవరిలో ఓటింగ్ పెట్టి, అనుకూలంగా 214, వ్యతిరేకంగా 14 ఓట్లు రావడంతో పేరు మార్చుకుని ముందుకు సాగింది.

దేశంలోని ఎన్నో కళాశాలల గ్రంథాలయాలు పుస్తకాల జాబితాకు, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కకు వాడుతున్న కోహా సాఫ్ట్‌వేర్ కూడా ఈ చిక్కు నుంచి తప్పించుకోలేకపోయింది. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ పేరుపై, ఆ దేశంలోనే ట్రేడ్‌మార్క్ కోసం ఒక అమెరికా సంస్థ దరఖాస్తు చేసుకుంది. ఒక చిన్న ఊరి గ్రంథాలయం 2011లో న్యాయపోరాటానికి సాయం చేయమని ప్రపంచాన్ని అర్థించవలసి వచ్చింది. చివరికి తీర్పు ట్రస్టు పక్షానే వచ్చినా, పుస్తకాలకు వెచ్చించవలసిన శక్తి వ్యాజ్యానికి ఖర్చయింది.

మరో లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఓపెన్‌సుసే సభ్యులు 2023 చివర్లో కొత్త లోగోల కోసం పోటీ పెట్టి ఓట్లు వేశారు. 2024లో దానికి అండగా ఉన్న సుసే కంపెనీ అసలు ఆ పేరునే వదులుకొమ్మని సముదాయాన్ని కోరింది. పేరు తమ అధీనంలో లేనప్పుడు బొమ్మ మీద జరిగే ఎన్నికకు విలువ ఎంత? రంగులు, వంపులు ఎంచుకునే పని మాత్రం కార్యకర్తలకు వదిలి, మూల నిర్ణయం మరొకరు చేసే ఏర్పాటును ప్రజాస్వామ్యంగా భావించలేము.

హక్కు ప్రశ్న తేలాక లోగో మార్పునకు సరైన కారణాలు ఉండవచ్చు. ఉన్నప్పుడు మార్చడమే మంచిది. లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించే ఫెడోరా ప్రాజెక్టు ఈ విషయంలో ఆదర్శంగా నిలిచింది. పాత లోగో ఒకే రంగులో అచ్చు వేయడానికి కుదరదని, ముదురు నేపథ్యంపై సరిగా కనబడదని, ఫేస్‌బుక్ అక్షరాన్ని తలపిస్తున్నదని, దానిలోని ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుది కాదని కారణాలను ఒక్కొక్కటిగా బహిరంగంగా వివరించి, నమూనాలను అందరి ముందుంచి, 2021లో కొత్త గుర్తును తెచ్చింది. ఒకే రంగు సమస్య పైకి చిన్నదిగా కనిపించినా, సదస్సుకు టీషర్టులు అచ్చు వేయించే విద్యార్థి బృందానికి రెండో రంగు అంటే రెండో స్క్రీన్, అదనపు ఖర్చు. మొజిల్లా కూడా 2016లో తన నమూనాలను దశలవారీగా బయటపెట్టి విమర్శలు స్వీకరించింది, తుది నిర్ణయం తనదిగా ఉంచుకుంది. 2017 జనవరిలో వచ్చిన ఆ గుర్తు 2024 డిసెంబరులో మళ్లీ మారింది. అభిప్రాయ సేకరణ ఎంత విస్తృతమైనా గుర్తుకు దీర్ఘాయువు ఖాయం కాదు. పోటీలు కూడా అంతే: 1996లో లారీ యూయింగ్ గీసిన టక్స్ పెంగ్విన్ లోగో పోటీలో గెలవకపోయినా లినక్స్‌కు ప్రపంచమంతటా ముఖంగా నిలిచింది. ఎవరు సలహా ఇస్తారు, ఎవరు నిర్ణయిస్తారు అన్నది మొదటి నమూనా బయటికి రాకముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ స్పష్టత లేనప్పుడు అవమానం భరించేది జీతం లేకుండా బొమ్మ గీసిన కళాకారులే. వారికి ఎదురయ్యే దూషణ మమ్మల్ని బాధిస్తున్నది.

తెలుగులో వాడబోయే లోగోకు మరొక అవసరం ఉంది. రోమన్ అక్షరాల ఎత్తుకు సరిపెట్టిన చట్రంలో తెలుగు పేరును ఇరికిస్తే కింద వత్తులు, పైన గుడులు నలిగిపోతాయి. ఉత్తరాంధ్ర బిడ్డ గిడుగు రామమూర్తి పేరుతో ఉన్న గిడుగు ఫాంటు, మండలి, రామభద్ర వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నప్పుడు, తెలుగు రూపాన్ని మొదటి నుంచే గీయించుకోకపోవడానికి సాకు లేదు.

విశాఖలో కొత్తగా ప్రాజెక్టులు మొదలుపెడుతున్న యువతకు మా సూచన ఖర్చుతో కూడినదే గాని అసాధ్యమైనది కాదు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 కింద మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్కో తరగతికి (వస్తువులు, సేవల వర్గానికి) వ్యక్తులకు రూ.4,500, సొసైటీల వంటి ఇతరులకు రూ.9,000 రుసుము. తక్కువ రుసుము చూసి బృందంలో ఒకరి పేరిట నమోదు చేస్తే, ఆ వ్యక్తి ఉద్యోగరీత్యా ఊరు విడిచినా, మిత్రులతో విభేదించినా పేరు అతని వెంటే పోతుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 కింద సంఘంగా ఏర్పడి, ఆ సంఘం పేరిటే గుర్తును నమోదు చేసుకోవాలి. లోగో మార్పునకు ఎంతమంది సభ్యుల ఆమోదం కావాలో నియమావళిలోనే రాసుకోవాలి. విద్యార్థుల ప్రాజెక్టులను తమ ఘనతగా చెప్పుకునే కళాశాలల యాజమాన్యాలు సంఘం పేరిట నమోదుకు అదనంగా పడే ఆ రూ.4,500 భరించి, పేరుపై హక్కును మాత్రం విద్యార్థుల సంఘానికే వదిలిపెట్టాలి.