పొందూరులో మగ్గం కన్నా ముందున్న పని

ఖాదీకి గిరాకీ పెరిగితే నేతకారులు నిలదొక్కుకుంటారని ఖాదీపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. అయితే శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖాదీ విషయంలో చిక్కు మగ్గానికి ముందే, నూలు దగ్గరే ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి చెత్త తీసి, చెక్కపై ఇనుప కడ్డీతో గింజ వేరుచేసి, ఏకి, ఏకులు (వడకడానికి వీలైన దూది వత్తులు) చుట్టి, వాటిని ఎండిన అరటి దొప్పలో భద్రపరచి, ఒంటి కదురు రాట్నంపై 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) నూలు వడికేది ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలే. కరెంటుతో పనిలేని ఈ శ్రమను పర్యావరణహితమని పొగడటం సులువే (నేనూ పొగిడినవాణ్ణే). రోజంతా వడికితే వచ్చే కూలి చూసి ఏ కూతురు ఆ రాట్నం ముందు కూర్చుంటుంది? బట్ట ధరలో వడికినవారి వాటా ఎంతో దుకాణాలు ధర చీటీపై అచ్చువేస్తే, బేరమాడే మాబోటివారికి కాస్త సిగ్గైనా వేస్తుంది.